నడుం పట్టేసిందా? ముందు బుర్రనడగండి!

మీకు తెలుసా? 2020 నాటికే ఈ భూమ్మీద నడుంనొప్పితో మూలుగుతున్నవాళ్లు 61 కోట్ల 90 లక్షల మంది! వాళ్లంతా కలిసి ఒక దేశం పెట్టుకుంటే జనాభాలో మన తరవాత, చైనా తరవాత మూడో స్థానం వాళ్లదే. అమెరికా నాలుగో స్థానానికి పోతుంది. 2050కల్లా ఈ లెక్క 84 కోట్లు దాటుతుందని అంచనా. ఆ దేశానికి జాతీయగీతం ఎవరూ రాయక్కర్లేదు. ‘అమ్మా... అబ్బా...’ చాలు!

ఇంతమందికీ ఎముకలు అరిగిపోయాయా? నరాలు నలిగిపోయాయా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వింటే నోరు తెరుస్తారు. నూటికి 90 కేసుల్లో ‘ఇదిగో, ఇదీ కారణం’ అని వేలుపెట్టి చూపించడానికి ఏమీ దొరకదు. దొంగతనం జరిగింది, దొంగ లేడు! అనుమానితుల్లో బెజవాడ రోడ్ల గుంతలున్నాయి, ధాన్యం బస్తాలున్నాయి, గుంటపడిన పరుపులున్నాయి. ఎవరూ స్టేషనుకు పిలవని ఇంకో అనుమానితుడున్నాడు. పేరు టెన్షన్. ఇవాళ్టి విశేషాలన్నీ వాడి మీదే.

ఈ టెన్షన్ కార్ఖానా ఒంట్లో ఎక్కడుందో మీకు తెలుసా? వీపు వైపే! రెండు కిడ్నీల నెత్తిన కూర్చునే ఎడ్రినల్ గ్రంథులవి. ఒక్కోటీ అయిదు గ్రాములు తూగితే గొప్ప. బందరు లడ్డూ చిదిపితే చేతికి అంటుకునే పొడి కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుందేమో! బ్యాంకు నుంచి ఫోనొచ్చినా, రిజల్ట్స్ వచ్చాయన్నా క్షణాల్లో ఎడ్రినలిన్ వదులుతాయి. వెనకాలే కార్టిసాల్. గుండె దడదడ, కండరాలు బిగుతు. సైరన్ మోగేదీ, అది విని బిగుసుకుపోయేదీ పక్కపక్క వాటాల్లోనే కాపురం!

1985లో హెర్టా ఫ్లోర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త బృందం చేసిన పని మీకు తెలుసా? నడుంనొప్పి ఉన్నవాళ్ల వీపుకి తీగలు అంటించి, వాళ్లను వాళ్ల సొంత కష్టాల గురించి మాట్లాడమన్నారు. వెన్ను పక్క కండరాలు బిగుసుకున్నాయి, మళ్లీ వదులు కావడానికి చాలాసేపు పట్టింది. నొప్పి లేనివాళ్లు తమ కష్టాలు చెప్పుకున్నప్పుడు ఇలా జరగలేదు. మాట్లాడింది నోరు, శిక్ష నడుముకి!

సరే, కష్టాలు అక్కర్లేదు, లెక్కలు చాలు! స్వీడన్‌లో ఉల్ఫ్ లుండ్‌బెర్గ్ బృందం కొందరికి మనసులో లెక్కలు కట్టే పనిచ్చి, భుజం కండరాల్లో కరెంటు కొలిచింది. బరువు ఏమీ మోయకుండానే కండరాలు పనిలో పడ్డాయి. చిన్నప్పుడు పంతొమ్మిదో ఎక్కం అప్పజెబుతుంటే భుజాలు చెవుల దాకా ఎందుకు లేచేవో ఇప్పుడు తెలిసిందా?

ఇంకోటి. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఓహియో స్టేట్ యూనివర్సిటీలో 25 మందిచేత బరువులెత్తించారు. మొదట బాగా చూసుకున్నారు. తరవాత కావాలని మొహం మాడ్చి, తప్పులు పట్టి, చిరాకుపెట్టి అవే బరువులు మళ్లీ ఎత్తించారు. కొందరికి, ముఖ్యంగా అంతర్ముఖులకి, వెన్నుపూస మీద భారం పెరిగింది! బస్తా అదే, ఎత్తే మనిషీ అతనే. మారిందల్లా మేస్త్రీ మొహం.

విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీలో 3,020 మంది ఉద్యోగులను కొన్నేళ్లపాటు గమనించారని మీకు తెలుసా? ఎవరికి నడుంనొప్పి వస్తుందో ముందే కనిపెట్టాలని పరిశోధకుల ఆశ. 1991లో ఫలితం అచ్చయింది. ‘నా పని నాకు దాదాపు ఎప్పుడూ నచ్చదు’ అన్నవాళ్లు నడుంనొప్పి ఫిర్యాదు చేసే అవకాశం ‘దాదాపు ఎప్పుడూ నచ్చుతుంది’ అన్నవాళ్ల కన్నా రెండున్నర రెట్లు! మన ఆటోనగర్‌లో పొద్దుటినుంచీ లారీ కింద పడుకున్న మెకానిక్ ఈల వేసుకుంటూ బయటికి రావడమూ, ఏసీ గదిలో మెత్తటి కుర్చీలోంచి మేనేజరుగారు నడుం పట్టుకుని లేవడమూ మీరూ చూసే ఉంటారు. అందరూ అలా కాదులెండి. మెకానిక్కులకీ నొప్పులొస్తాయి, మేనేజర్లూ ఈల వేస్తారు, ఆదివారాలు.

ఇప్పుడు పిల్లల సంగతి. స్కూలు సంచి బరువుకి నడుం వంగిపోతోందని తల్లిదండ్రుల గోల కదా? ఇంగ్లండులో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 1,046 మందిని ఏడాదిపాటు గమనించి 2003లో ఫలితాలు చెప్పారు. కొత్తగా నడుంనొప్పి ఎవరికి వచ్చిందో సంచి బరువు చెప్పలేకపోయింది. మరి చెప్పిందెవరు? పిల్లల మానసిక ఇబ్బందులు, ప్రవర్తన చిక్కులు, తలనొప్పులు! నిడమానూరు, గూడవల్లి వైపు రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లారకముందే స్టడీ అవర్‌కి కూర్చునే పిల్లలకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ల సంచిలో అన్నిటికన్నా బరువైన వస్తువు వారాంతపు పరీక్ష ర్యాంకు!

అవనిగడ్డ పేరు చెప్పగానే మీకేం గుర్తొస్తుంది? దివిసీమ, సరే. కానీ రాష్ట్రమంతటా టీచరు ఉద్యోగం కోసం చదివేవాళ్లకు అవనిగడ్డ అంటే డీఎస్సీ కోచింగు. 2018 డీఎస్సీ తరవాత మళ్లీ నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ 2025లోనే వచ్చింది. పోస్టులు 16,347. దరఖాస్తు చేసినవాళ్లు 3 లక్షలకు పైనే. ఏడేళ్ల ఎదురుచూపు! అద్దె గదిలో నేలమీద చాప, గోడకి దిండు, ఒళ్లో గైడు. ‘కూర్చునే పద్ధతి సరిగా లేదు’ అంటారు చూసినవాళ్లు. చాప ఒక్కదాన్నే నిందిస్తే ఎలా? నోటిఫికేషన్‌కి వాటా లేదా?

డెల్టా రైతు నడుం గురించి ఎవరైనా రికార్డు పుస్తకం రాశారా? సార్వా నాట్లకు కూలి మనిషి పొద్దుట వంచిన నడుం అన్నం వేళకే ఎత్తుతుంది. అది కళ్లకు కనబడే బరువు. కనబడని బరువు వేరే ఉంది. శివారు పొలానికి కాలవ నీళ్లు వస్తాయా? కోతల వేళకి బంగాళాఖాతంలో వాయుగుండం పుడుతుందా? తడిసిన ధాన్యం రోడ్డు మీద పరిచి, రాత్రంతా పట్టా పక్కన కూర్చుంటే తేమ శాతం తగ్గుతుందా? పంట పోయినా కౌలు బస్తాలు మాత్రం ఇచ్చి తీరాలి! ఇక్కడే జపానువాళ్లు చెప్పిన ముక్క వినండి. 2011 భూకంపం, సునామీల నుంచి బతికి బయటపడ్డవాళ్లను అక్కడి వైద్యులు ఏళ్ల తరబడి పరీక్షించారు. ‘డబ్బుకి కటకటగా ఉంది’ అన్నవాళ్లలోనూ, నిద్రపట్టనివాళ్లలోనూ కొత్తగా నడుంనొప్పి రావడం ఎక్కువ! అప్పు పత్రానికి కాగితమంత బరువే అని ఎవరన్నారు?

సునామీ అంటే మన వరద గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి ఎన్ని నీళ్లు వెళ్లాయో మీకు తెలుసా? 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ చరిత్రలోనే రికార్డు! అటు బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ని ముంచేసింది. జనం ఫ్రిజ్‌ని మంచమ్మీదికెత్తారు, మంచాన్ని బల్లమీదికెత్తారు. నీళ్లు తీశాక బురద ఎత్తిపోశారు. నడుం నొప్పులకు ఇంత చాలదా అంటే, నీట మునిగిన బైకుకి ఇన్సూరెన్సు వస్తుందా రాదా అన్న బెంగ బోనసు. బురద కడిగితే పోయింది. బెంగకి మోటారు ఎక్కడ పెట్టాలి?

సూర్యారావుపేట వెళ్దాం రండి. స్కానింగ్ సెంటరు మెట్ల మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. చంకలో పెద్ద కవరు, చేతిలో రిపోర్టు. డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్లలేదు, అప్పుడే చదివేస్తున్నాడు. ‘ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్’, ‘డీజనరేషన్’. రెండో మాట దగ్గర ఆగిపోయాడు. ఇందాక మెట్లు మామూలుగా ఎక్కిన మనిషి, ఇప్పుడు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాడు! ఆయనకు తెలియని సంగతి మీకు చెప్పనా? నొప్పి అనేదే లేని 3,110 మంది వెన్ను స్కానింగుల లెక్కలన్నీ పోగేసి 2015లో అచ్చువేశారు. 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల! 80 ఏళ్లవాళ్లలో 96 శాతం! డిస్కు ఉబ్బు 20 ఏళ్లకే 30 శాతం మందికి! జుట్టు నెరిసినందుకు ఎవరైనా అంబులెన్సు పిలుస్తారా?

రిపోర్టు చదివితేనే నొప్పి పెరుగుతుందా? పెరుగుతుంది! ఇదేదో అమెరికా ముచ్చట కాదు, పక్కన కోయంబత్తూరుదే. అక్కడి గంగా ఆసుపత్రిలో డాక్టర్ ఎస్.రాజశేఖరన్ బృందం కొందరు రోగులకు ఎమ్మారై రిపోర్టులోని పదాలన్నీ విప్పి చెప్పింది. మరికొందరికి ‘కంగారుపడాల్సిందేమీ లేదు, వయసుతో వచ్చే మార్పులే’ అంది. కొన్ని వారాల తరవాత చూస్తే మొదటి జట్టువాళ్ల పరిస్థితి రెండో జట్టు కన్నా అధ్వానం. ఈ ఫలితం 2021లో అచ్చయింది. నా మటుకు నాకు ఈ పేజీలో ఇదే అన్నిటికన్నా పెద్ద విశేషం. ఎమ్మారై మిషను ఎక్స్-రేలు కూడా వదలదు, కాగితం మాత్రం గుచ్చుకుంటుంది!

అన్నట్టు, బయటికి జారిన డిస్కు దానంతటదే కరిగిపోవచ్చని మీకు తెలుసా? పూర్తిగా ఊడి విడిపోయిన ముక్కల్లో 96 శాతం ఆపరేషన్ లేకుండానే తగ్గాయని 2015లో ఒక సమీక్ష తేల్చింది. ఎంత పెద్దగా జారితే అంత బాగా తగ్గుతుందట. కొద్దిగా ఉబ్బినవి మాత్రం 13 శాతమే. వడ్డీ వ్యాపారంలో ఎక్కడా కనబడని లెక్క ఇది!

ఇంగ్లండులో 29 ఏళ్ల భవన కార్మికుడు ఒకడు కిందికి దూకి 15 సెంటీమీటర్ల మేకు మీద పడ్డాడు. మేకు బూటు అడుగు నుంచి పైకి పొడుచుకొచ్చింది. కదిపితే కేకలు. మత్తిచ్చి బూటు విప్పారు. పాదానికి చిన్న గీత కూడా లేదు, మేకు రెండు వేళ్ల సందులోంచి వెళ్లింది! 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ కథ వేసింది. అతని కేకలు నటన కాదండోయ్. కన్ను చూసింది, బుర్ర నమ్మింది, నొప్పి నిజంగానే వచ్చింది.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో తీవ్రంగా గాయపడ్డ సైనికులను హెన్రీ బీచర్ అనే డాక్టరు ‘నొప్పిమందు కావాలా?’ అని అడిగాడు. నలుగురిలో ముగ్గురు అక్కర్లేదన్నారు! గాయమంటే యుద్ధం నుంచి ఇంటికి టికెట్టు. అంత పెద్ద దెబ్బకి నొప్పి లేదు, మనకేమో కరెంటు బిల్లు చూస్తే నడుం పట్టేస్తుంది.

నొప్పి అంటే ‘ఇంద్రియాలకీ మనసుకీ కలిగే బాధాకరమైన అనుభవం’ అని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లోనే రాసుకుంది. 2020లో ఆ నిర్వచనాన్ని సవరించినా మనసుని మాత్రం తీసెయ్యలేదు. మనసు నొప్పిలో కౌలుదారు కాదు, పట్టాదారు!

ఇప్పుడు మన జిల్లా మనిషి గురించి. అమృతాంజనం డబ్బా పుట్టింది బొంబాయిలో, 1893లో. పుట్టించింది మాత్రం కృష్ణా జిల్లా ఎలకుర్రు బిడ్డ, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు! సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశారు. తలనొప్పి డబ్బా మీద వచ్చిన డబ్బులతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. పత్రికాఫీసంటే మళ్లీ తలనొప్పే, సరుకు ఎటూ ఇంట్లోదే! డెల్టాలో ఆ పసుప్పచ్చ మందు నుదుటి దగ్గర ఆగలేదు, నడుం దాకా దిగింది.

ఆ డబ్బాలోని మెంథాల్ చర్మాన్ని చల్లబరచదని మీకు తెలుసా? చలిని పసిగట్టే నరం తలుపు తట్టి ‘చలి వచ్చింది’ అని కోత కోస్తుంది, అంతే. ఆ తలుపుని మెంథాల్‌తోనూ, మంటని పసిగట్టే తలుపుని మిరపకాయ ఘాటుతోనూ కనిపెట్టిన పరిశోధనకి 2021లో నోబెల్ వచ్చింది. అటు అమృతాంజనం, ఇటు గుంటూరు మిర్చి. ఆ నోబెల్ అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లు మనకు వియ్యంకుల వరస అవ్వాలి!

‘నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లచేత తన్నించుకో’ అన్న సలహా మన ఊళ్లలో విననివాళ్లున్నారా? వాళ్లకి ఫీజు కూడా లేదు, కాళ్లు కడుక్కుని వస్తే చాలు. పరమ మూఢనమ్మకం అని కొట్టేసేముందు లిస్బన్ వెళ్లొద్దాం. 2016లో అక్కడ 97 మంది నడుంనొప్పి రోగుల్లో కొందరికి ఉత్తుత్తి మాత్రలిచ్చారు. అవి ఉత్తుత్తివని ముందే చెప్పారు, సీసా మీద కూడా రాశారు! మూడు వారాల్లో వాళ్ల నొప్పి 30 శాతం తగ్గింది. మాత్రలివ్వని వాళ్లకి 9 శాతం. అబద్ధం అని తెలిసి మింగినా పనిచేసే వస్తువు ఎన్నికల వాగ్దానం తరవాత ఇదొక్కటే. ఎదురుకాళ్లవాళ్లచేత మాత్రం తన్నించుకోకండి, ఆ తన్ను ఉత్తుత్తిది కాదు.

అతిగా జాలిపడే భార్యాభర్తలు వినాలి! 2002లో ఇందాకటి హెర్టా ఫ్లోర్ బృందమే నడుంనొప్పి రోగుల వీపుకి చిన్న షాకులిచ్చి మెదడుని కొలిచింది. ‘అయ్యో, ఎంత బాధో’ అంటూ చుట్టూ తిరిగే జీవిత భాగస్వామి పక్కనుంటే మెదడు స్పందన సుమారు రెండున్నర రెట్లు! పట్టించుకోని భాగస్వాములతో ఈ గొడవ లేదు. ఇది చదివి మావారు పేపరు వెనక మరింత దాక్కుంటారేమో అని కొందరు అమ్మగార్ల భయం.

నడుంనొప్పి ఏళ్ల తరబడి ఉంటే మెదడు బూడిదరంగు పదార్థం తగ్గుతుందని మీకు తెలుసా? 2004లో వాన్యా అప్కారియన్ బృందం 26 మందిని పరీక్షిస్తే 5 నుంచి 11 శాతం తరుగు కనబడింది. పదీ ఇరవయ్యేళ్ల ముసలితనంతో సమానం! కంగారుపడకండి. చికిత్సతో నొప్పి తగ్గినవాళ్ల మెదడులో కొంత భాగం తిరిగి మందం పుంజుకుందని 2011లో వేరే బృందం చూపించింది.  

నడుంనొప్పికి డిప్రెషన్ మందా? అవును! డ్యులాక్సెటీన్ అనే మందుకి దీర్ఘకాలిక నడుంనొప్పి కోసం 2010లో అమెరికా అనుమతిచ్చింది. డాక్టరు అది రాసిన రోజున ‘నాకేమన్నా పిచ్చా?’ అని మందుల షాపులో గొడవపెట్టుకోకండి. డాక్టరు రాయకుండా మీరే కొనుక్కుంటే మాత్రం గొడవ షాపువాడు పెట్టాలి.

మాటలతో నడుంనొప్పి తగ్గుతుందా? అమెరికాలోని బౌల్డర్‌లో 151 మంది మీద పరీక్షించారు. ‘నీ వెన్ను గట్టిగానే ఉంది, బుర్రలో అలారమే ఆగకుండా మోగుతోంది’ అని నాలుగు వారాలపాటు నేర్పిస్తే, 66 శాతం మంది నొప్పి లేకుండానో, ఉందో లేదో అన్నట్టుగానో తేలారు. ఉత్తుత్తి సూది జట్టులో 20 శాతం, మామూలు వైద్యంలో 10 శాతం. మరో చోట 342 మందిలో కొందరికి ధ్యానం, యోగా కలిపిన తరగతులు పెడితే ఆర్నెల్లకి వాళ్లలో 61 శాతం మంది పనీపాటల్లో మెరుగయ్యారు. మామూలు వైద్యంలో 44 శాతం. పై లెక్కల్లో ఎక్కడా నూటికి నూరు లేదు, గమనించారా? నూటికి నూరు గ్యారంటీ ఇచ్చేది గోడల మీద ప్రకటనలే.

2016 డిసెంబరులో విజయవాడలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. వంగితే విరిగిపోయే వస్తువైతే నడుముకి ఈ రికార్డు సాధ్యమా? వెన్ను కదలడానికి పుట్టింది. ‘వంగితే ఏమవుతుందో’ అన్న భయమే దాన్ని కర్రగా చేస్తుంది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఈ భయం మీద 1997లో టీవీ ప్రకటనలతో యుద్ధం చేసింది. ‘నడుంనొప్పని మంచమెక్కకండి, తిరుగుతూ ఉండండి, పనిలోకి వెళ్లండి’ అని ఊదరగొట్టింది. నడుంనొప్పి పరిహారం దరఖాస్తులు 15 శాతం పైగా పడిపోయాయి! సూది లేదు, బెల్టు లేదు, టీవీ ప్రకటనకి నడుం వంగింది.

అయితే ప్రతి నొప్పినీ టెన్షన్ ఖాతాలో వేసి కూర్చోవద్దు. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, కాళ్ల మధ్య తిమ్మిరెక్కినా ఆ గంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. కాలు బలం తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉన్నా, దెబ్బ తగిలినా, ఇదివరకు క్యాన్సర్ ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు. మన దేశంలో వెన్నెముక టీబీ ఇంకా తిరుగుతూనే ఉంది, అది ధ్యానానికి లొంగదు.

మరి టెన్షనే అయితే? 14416. టెలి మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఉచిత ఫోను సేవ, రాత్రింబవళ్లు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇవాళే చెయ్యండి. కుర్చీలో కూలబడి కాదు, వరండాలో నడుస్తూ మాట్లాడండి.